చీటీలో ఏడో పేరు

"మీ కేసు నేను తీసుకోలేనండీ," అంది ప్లీడరమ్మ, అతను కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే.

"ఎందుకని మేడమ్?"

"మీ భార్య తరఫున ముందే వచ్చి సంగతంతా చెప్పి వెళ్లారు. ఒక పక్షం మాట విన్నాక రెండో పక్షానికి వాదించకూడదు. అది మా పద్ధతి."

విడాకుల తర్వాత పాప ఎవరి దగ్గర ఉండాలో తేల్చే వాయిదా ఎల్లుండే. ఇది ఏడో గడప. ఏడు చోట్లా ఇదే పాట. ఊళ్లో పిల్లల కేసులు వాదించే పేరున్న ప్లీడర్లందరి దగ్గరికీ ముందే తిరిగి, తనకి ఒక్కరూ దక్కకుండా చేసింది మహాతల్లి. భార్యకి ఇంత తెలివి ఉందని తొమ్మిదేళ్ల కాపురంలో అతనికి తెలియనే లేదు.

"నా కూతురు లేకుండా నేను బతకలేను మేడమ్. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను."

"నన్ను పట్టుకుని ఏం లాభం? ఇంకెవరి దగ్గరికెళ్లినా ముందు పాప గురించే అడుగుతారు. టీచరెవరు, ఏ మందు పడదు, రాత్రి ఎవరి పక్కన పడుకుంటుంది, అన్నీ రాసిపెట్టుకోండి."

అతను వరండాలోకి వచ్చి కాగితం తీశాడు. 'రెండో తరగతి' అని రాశాక పెన్ను కదల్లేదు. తల్లికి ఫోన్ చేశాడు.

"అమ్మా, పాప టీచరు పేరేంటి?"

"నాకేం తెలుసురా. వాళ్లమ్మకి తెలుసు."

"దానికి ఏదో మందు పడదు కదా, ఒళ్లంతా దద్దుర్లొచ్చాయి చూడు. ఏంటది?"

"అదీ వాళ్లమ్మకే తెలుసు. ఇంతకీ ప్లీడరు ఒప్పుకుందా?"

"ఎక్కడ ఒప్పుకుంటుంది? ఇక్కడికీ నీ కోడలి మనుషులు ముందే వచ్చి వెళ్లారట. నువ్వు రాసిచ్చిన చీటీలో పేర్లన్నీ అయిపోయాయి."



"ఇంకో రెండు పేర్లు కనుక్కున్నాను నాయనా. రాసిద్దామంటే నిన్నటి నుంచి కళ్లజోడు కనబడి చావడం లేదు. ఇల్లంతా వెతికాను."

అతనికి ఏడుపు తన్నుకొచ్చింది. "నా వైపు నిలబడింది నువ్వొక్కదానివేనమ్మా."

"పిల్ల ఎక్కడుంటే బాగుంటుందో అక్కడే ఉంటుందిలే. నువ్వు ముందు ఇంటికొచ్చి ఇంత తిను," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

అతను మెట్లు దిగుతుంటే వెనకనుంచి గుమాస్తా పరుగున వచ్చాడు.

"సార్, నిన్న మీ ఆవిడ తరఫున వచ్చిన పెద్దావిడ ఇది బల్లమీద మరిచిపోయారు. ఫోన్ నంబరైనా ఇవ్వలేదు. కాస్త వాళ్లకి అందజేస్తారా?"

అతను చెయ్యి చాపాడు. గుమాస్తా అతని అరచేతిలో ఒక కళ్లజోడు పెట్టాడు. దాని విరిగిన ఎడమ కాడకి చుట్టి ఉన్నది, పోయిన నెల పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని అతను తన చేత్తో చుట్టిన ఎర్రదారం.