గోడ మీది ఎర్ర రాత

"ఇంగా పెద్దగా రాయప్పా. దోవన పొయ్యేటోళ్లకు కనపడొద్దా?" అంది లక్ష్మీదేవమ్మ, గడప మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తూ.

ఫైనాన్సు వసూళ్లకొచ్చిన వేణుగోపాల్ చేతిలో బ్రష్షు ఆగింది. కంతులు కట్టని ఇళ్ల గోడల మీద 'ఈ ఇల్లు మా తాకట్టులో ఉంది' అని రాయబోతే చాలు, ఆడవాళ్లు కాళ్ల మీద పడేవారు. ఈమె మాత్రం సున్నం కొట్టించుకుంటున్నట్టు చూస్తోంది!

"వీధంతా చూస్తాండారు, రవ్వంత సిగ్గన్నా లేదా నీకు?"

ఆమె నోరు తెరిచేలోగా బైకు ఆగింది. మరిది రాజశేఖర్.

"వదినా, ఇంట్లో నా సగం ఇస్తావా, పెద్దమనుషుల్ని పిలిచేదా?" అంటూనే గోడ చదివాడు. "ఇంటిమీద అప్పుండాదా?"

"ఉండాది. సగం ఇల్లు నీదైతే సగం అప్పూ నీదే. వసూలు చేసేది ఈయప్పే, మాట్లాడుకో."

"నాకెందుకులే వదినా, ఇల్లంతా నీదే!" బైకు వచ్చిన దోవనే పోయింది.

ఎర్రరంగు వేణుగోపాల్ బూటు మీద బొట్లు బొట్లుగా కారింది.

"మూడేండ్లు నేను తరమలేనోణ్ణి అరగంటలో తరిమినావు," అంది లక్ష్మీదేవమ్మ, పొట్టు ఊదేస్తూ. "మిగిలిన అక్షరాలు గూడా రాసిపో. ఈడ వానలు యాడ పడతాయి, శానా దినాలుంటాది."