భయం చెప్పే నాయన

రేణుకమ్మ రాట్నం తిప్పుతూ కండెలకు పట్టుదారం చుడుతుంటే, హనుమంతు కొడుకును మెడ పట్టి లోపలికి ఈడ్చుకొచ్చాడు. వెనకే కానిస్టేబుల్ మల్లేశ్.

"చెప్పు! మీ అమ్మ ముందల గూడ చెప్పు!"

పదో తరగతి చదివే వంశీ తల దించుకున్నాడు. "షావుకారు ఇంట్ల పట్టుచీరలు నేనే తీసిన."

"ఎన్ని?" అన్నాడు మల్లేశ్.

"ఆరు. కర్నూల్ల అమ్మిన."

రేణుకమ్మ చేతిలో దారం పుటుక్కున తెగింది. "అబద్ధం సారూ! వీడు పక్కింటి జామకాయ గూడ అడగకుండ తెంపడు."

"గిదో, గీ గారాబమే సారూ!" హనుమంతు భార్య వైపు వేలు చూపించాడు. "నేను కొట్టబోతె అడ్డమొస్తది. నేను తిడితె దాసిపెట్టి అన్నం తినిపిస్తది. దొంగను తయారు జేసింది ఇదే. కొడుకని దాస్తనా? అందుకే నేనే మీకు ఫోన్ జేసిన."

మల్లేశ్ మెచ్చుకోలుగా తలాడించాడు. "ఇంటింటికీ నీ అసొంటి నాయన ఉంటె మాకు పనే ఉండదు హనుమంతన్నా. ఏమ్మా, ఒక్కనాడన్న వీని మీద చెయ్యి చేసుకున్నవా?"

వాకిట్లో అప్పటికే గల్లీ అంతా పోగైంది. "ఇంకింత ముద్దు జెయ్యి!" అని ఎవరో అంటే నలుగురూ నవ్వారు.

రేణుకమ్మకు సిగ్గుతో ఒళ్లు మండిపోయింది. పదిహేనేళ్లలో మొదటిసారి కొడుకు చెంప పగలగొట్టింది. ఆ చెంప, ఈ చెంప. పెదవి చిట్లి నెత్తురు కారేదాకా ఆగలేదు. వంశీ చేతులైనా అడ్డం పెట్టుకోలేదు.

"నా కడుపున చెడబుట్టినవ్‌రా! పో, మళ్ల నాకు నీ మొఖం చూపియ్యకు!"

"చాలు తీయమ్మా. ఇగ బాలనేరస్తుల హోంల వాళ్లే బాగు చేస్తరు," అంటూ మల్లేశ్ బండి తీయడానికి బయటికి నడిచాడు.

హనుమంతు వంశీ ముందు వంగి, భుజం మీది తువ్వాలతో వాడి పెదవి తుడిచాడు. ఎంతైనా కన్నతండ్రి కదా అనుకుంది రేణుకమ్మ. అప్పుడే అతని గుసగుస ఆమె చెవిన పడింది.

"మర్వకు బిడ్డా. పిల్లగానివి, నాలుగు నెలలల్ల ఇడుస్తరు. షావుకారు గోడ దుంకింది నేనని నోరు జారితివా, నా బతుకంత జైల్లనే."

వంశీ తల్లి వైపు ఒక్కసారి చూసి గడప దాటాడు.