షట్కోణాల మీద నడక

"అమ్మా గౌరీ, మళ్ళీ ఎందుకు లేచావు?"

నరసింగరావుగారు నోట్లోని ఈల తీసి నిలదీశారు. రాజాం శివారు కాలనీ పార్కులో పరచిన షట్కోణపు పలకల మీద, పలకకొక ప్లాస్టిక్ స్టూలు చొప్పున వేసుకుని కాలనీవారు కొలువుతీరి ఉన్నారు. కొందరు కూర్చున్నారు, కొందరు నిలబడ్డారు. కూర్చోవలసిన గౌరి నిలబడింది.

"మా మావయ్య లేసినాడు కదండీ," అంది గౌరి, పక్క పలక మీది సూరయ్యను చూపిస్తూ. "ఆయన నిలబడుంటే కోడల్ని నానెలా కూకుంతాను?"

"ఆయన నియమం ప్రకారం లేచారు. నీవు మర్యాద ప్రకారం లేచావు. నియమం ఏమిటో చెప్పు."

గౌరి గడగడా ఒప్పజెప్పింది. "ఈల వినపడగానే సుట్టూ ఉన్న ఆరు పలకలూ సూడాల. కూకున్నోలికి సరిగ్గా ఇద్దరు నిలబడ్డోలు కనిపిస్తే లేవాల. నిలబడ్డోలికి ముగ్గురు కనిపిస్తే నిలబడే ఉండాల. ఇంకెలాగున్నా కూకోవాల."

"నీకు కనిపించినవారు ఎందరు?"

"ఒక్కరేనండి. ఆ ఒక్కరూ మావయ్యే."

"గణితంలో మామగార్లు లేరమ్మా! గడులు మాత్రమే ఉన్నాయి."

విశ్రాంత గణిత ప్రిన్సిపాల్ అయిన నరసింగరావుగారు కిందటేడాదే ఈ కాలనీలో స్థిరపడ్డారు. ఇలాంటి నియమం కింద, వెలిగే గడులతో ఏర్పడే కొన్ని ఆకృతులు ఉన్నచోటనే ఊగుతాయనీ, కొన్ని మాత్రం పలకలు దాటుకుంటూ నడిచిపోతాయనీ ఆయన కంప్యూటరు తెరపై చూశారు. అలా నడిచే ఆకృతిని సజీవులైన మనుషుల చేత నడిపించి చూపిస్తే, కాలనీ సంఘం హాలు 'నరసింగరావు గణిత మందిరం' కావాలి. లేకపోతే అది పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ పోతుంది. సంఘం అధ్యక్షురాలు లక్ష్మీనరసమ్మ పెట్టిన షరతు అది.

"నడిసిందో లేదో మాకేటి తెలుస్తాది మేస్టారూ?" అన్నదామె ఆనాడే. "బాగా సదువుకున్నోలెవులైనా వచ్చి సూసి సెప్పాల. మీ సుట్టాలైతే కుదరదు."

"విశ్వవిద్యాలయం నుండి డాక్టర్ యుగంధర్‌గారు వస్తున్నారు," అన్నారాయన ఛాతీ విరిచి. "మొహమాటమన్నది ఎరుగని నిపుణులు. పైగా, గణితానికి చుట్టరికాలతో పని లేదు."

గౌరిని వేరే పలకకు మార్చారు. అక్కడ పక్కనే సూరయ్య అన్నగారు. ఆయన లేచినప్పుడల్లా గౌరి లేచింది. ఇంకో మూలకు మార్చారు. అక్కడ తోటికోడలు నీలవేణి. వారిద్దరికీ మాటల్లేవు. నీలవేణి లేస్తే, లేవవలసిన గౌరి పంతం పట్టి కూర్చుంది. ఆకృతి అడుగు ముందుకు వేయక, ఉన్నచోటనే లేచి కూర్చుని, లేచి కూర్చుని, ఉయ్యాలలా ఊగింది.

"బాగానే ఊగతంది కదా మేస్టారూ!" అన్నాడు గంగులు, అవతలి మూల నుండి.

"ఊగడం కాదయ్యా, నడవాలి! ఈ కాలనీలో ఒకరికొకరు ఏమీ కానివారు ఎవరూ లేరా?"

"నానున్నాను," అన్నాడు గంగులు. "కానీ పెల్లికి ముందు నీలవేణిని మా తమ్ముడికి అడుగుదుమనుకుని మానీసినాం."

చివరకు సూరయ్యే కల్పించుకున్నాడు. "కూకోమ్మా గౌరీ. మేస్టారి కోసం ఈపాలికి నాను సూడనట్టే ఉంటాను."

ఆదివారం రానే వచ్చింది. పార్కు గేటు ముందు కారు ఆగగానే నరసింగరావుగారు చెప్పులు విడిచి ఎదురేగి, యుగంధర్‌గారికి పళ్ళెంలో మంచినీళ్ళిచ్చి, లక్ష్మీనరసమ్మ పక్కన కుర్చీ తుడిచి కూర్చోబెట్టారు. ఆయన కూర్చునేవరకూ వంచిన నడుము ఎత్తలేదు.

"సదువంటే మేస్టారికి ఎంత బక్తో సూడండి!" అని గంగులు మురిసిపోయాడు.

అంతలో, గేటు పక్క పలక మీద కూర్చోవలసిన నాగబాబు శ్రీకూర్మం దర్శనానికి పోనాడని కబురు తెలిసింది. ఆ పలక ఖాళీ. వేరే దారి లేక నరసింగరావుగారే ఈల నోట కరచుకుని ఆ స్టూలు మీద కూర్చున్నారు.

ఈల మోగింది. కొందరు లేచారు, కొందరు కూర్చున్నారు. మళ్ళీ మోగింది. సూరయ్య లేచాడు. గౌరి తల వంచుకుని, పమిట భుజాల నిండా కప్పుకుని, స్టూలును రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. మనుషులెవ్వరూ పలక దాటలేదు. కానీ నిలబడ్డవారి ఆకృతి మాత్రం కుళాయి వైపు నుండి గేటు వైపుకు పలక తరువాత పలకగా సాగింది.

"ఓలమ్మో, ఎవులూ నడవకుండానే నడిసీస్తంది!" అని నోరు తెరిచింది లక్ష్మీనరసమ్మ. "హాలు మీదే మేస్టారూ! డాక్టరుగారు ఒక్కమాట సెప్పీమనండి!"

ఆకృతి గేటు దగ్గరకు చేరింది. లెక్క ప్రకారం నరసింగరావుగారు లేచారు. ఆ దృశ్యానికి ముగ్ధులైన యుగంధర్‌గారు కుర్చీలో ఉండలేక, చప్పట్లు కొడుతూ తామూ లేచి నిలబడ్డారు.

ఈల మోగింది. నరసింగరావుగారి చుట్టూ నిలబడి ఉన్నది ఒక్కరే. ఆయన కూర్చోవాలి.

కూర్చోలేదు.

మళ్ళీ ఈల వేశారు. చేతులు కట్టుకుని, యుగంధర్‌గారి వైపు తిరిగి అలాగే నిలబడ్డారు. ఆయన చుట్టూ ఉన్నవారు నియమం తప్పక లేచారు, కూర్చున్నారు, మళ్ళీ లేచారు. ఇంతదూరం నడిచివచ్చిన ఆకృతి గేటు ముందు ఆగిపోయి, ఉయ్యాల ఊగసాగింది.

"మేస్టారూ, ఏటిది? కూకోండి!" గౌరి కేక పెట్టింది. "మావయ్య నిలబడుంటే నానే కూకున్నాను, మీకేటండీ?"

నరసింగరావుగారి నోట్లోని ఈల జారిపడింది. దానితోపాటు జీవితకాలపు గ్రాంథికమూ జారిపడింది.

"ఎలా కూకుంతానే తల్లీ? ఆయన మా అమ్మాయి మావగారు!"