పట్టాల కింద కార్మాక్

అమెరికాలోని వయోమింగ్ మైదానంలో రైలుపట్టాల పక్కనున్న చెక్క ఇల్లు అది. పోయిన ఆదివారం ఇంటిముందు తీయించుకున్న ఫొటోను దీపం దగ్గర పెట్టి చూసి, గుడ్రున్ మండిపడింది. తను, భర్త హాల్వర్, కూతుళ్లిద్దరూ ఉన్నారు. వాళ్ల వెనకాల ఒళ్లంతా మట్టితో ఇంకో మనిషి నిలబడి ఉన్నాడు.

"ఎవడయ్యా వీడు? మన ఫొటోలోకి ఎవరు రమ్మన్నారు?"

లైను మేస్త్రీ హాల్వర్ ముఖం పాలిపోయింది.

"కార్మాక్. మా కూలీల ముఠాలోవాడే. పోయిన నెల పట్టాల కోసం పోస్తున్న మట్టికట్ట విరిగి వాడి మీద పడింది. రైలు ఆలస్యమవుతుందని కంపెనీ దొర పైన ఇంకా మట్టి పోయించి, పట్టాలు వేయించాడు."

"బయటికి తియ్యనే లేదా? కుక్క చచ్చినా గొయ్యి తీసి పూడుస్తామే! వాడు మనిషి కాడా?" ఆమె వెళ్లి తలుపు తీసింది. "పార తియ్యి. పద."

"ఉద్యోగం పోతుందే!"

"పోతే పోనీ."

లాంతరు పట్టుకుని ఆమె ముందు నడిచింది. కట్ట మీద గాలి కూడా లేదు. హాల్వర్ పార ఎత్తి, అలాగే ఆగిపోయాడు. పట్టాల కింద, లోతుగా, ఎవరో పైకి తవ్వుకుంటూ వస్తున్న చప్పుడు.

అతను వెనక్కి అడుగు వేశాడు. గుడ్రున్ కదల్లేదు.

"నిలబడ్డావేం? నువ్వూ తవ్వు," అంది.