మనిషికొక గుండుసూది

వీధిదీపాలు ఎక్కడెక్కడ కావాలో జనమే చెప్పాలని, మునిసిపల్ ఆఫీసు గోడకు మా పేట పటం తగిలించి మనిషికొక గుండుసూది ఇచ్చారు. సూది ఉన్నచోటే దీపమట. తప్పు చోట గుచ్చితే ఇల్లు కూలగొడతారేమోనని నాది గుప్పిట్లోనే దాచుకున్నాను.

మా తోటికోడలికి ఇలాంటి భయాలేవీ? చరచరా వెళ్లి గుచ్చేసింది. జనం మాట మేయరు వింటుందా లేదా అని పరిశోధన చేస్తున్న పిల్ల దాని ప్రతి మాటా రాసుకుంది. మేయరమ్మ దాని పక్కనే కూర్చుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఇంతే, పెద్దకోడలు ఒకతె ఉందని ఎవరికీ గుర్తుండదు. నాకు ఒళ్లు మండిపోయింది.

అందరూ టీకి లేచినప్పుడు వెళ్లి దాని సూది పీకేశాను.

తిరిగొచ్చిన పరిశోధన పిల్ల పటం చూసి కంగారు పడింది. "అయ్యో, ఆ సూది ఏది? అందరూ ఎవరి గుమ్మం ముందు వాళ్లు గుచ్చుకున్నారు. వేరేవాళ్ల గుమ్మానికి గుచ్చింది ఈవిడ ఒక్కరే!"

"మా అక్క గుమ్మానికమ్మా," అంది తోటికోడలు. "పొద్దుగూకితే పడిపోతానేమోనని గడప దాటదు. నోరు తెరిచి అడగదు, పిరికిది."

మెల్లగా గుప్పిట విప్పాను. రెండు సూదులు.

"నువ్వా అక్కా! ఇంకా నయం, నన్ను పీకెయ్యలేదు!" అని పగలబడి నవ్వింది.

దాని సూది దానికిచ్చేశాను. "ఇందులో నీ ఇల్లెక్కడే?" అన్నాను.

వేలు పెట్టి చూపించింది. నా సూది అక్కడ గుచ్చి, పరిశోధన పిల్ల వైపు తిరిగాను.

"ఒక్కరే అని రాశావుగా, కొట్టెయ్. ఇద్దరని రాసుకో."