మూడు పులులూ బోనులో

వార్తలు లేని ఒక రోజు, 'నాగులేటి నగారా' విలేకరి ఉపేంద్ర బొల్లాపల్లి వాగు ఇసుకలో కుక్క అడుగు ఫొటో తీశాడు. దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టించాడు. "చిరుత సంచారం!"

మర్నాడు పోటీ పత్రిక 'పల్నాటి పొలికేక'లో రవి రెండు చిరుతల్ని దించాడు. నగారా ఊరుకుంటుందా? తల్లీ, రెండు పిల్లలూ అంది. నాలుగో రోజుకి పొలికేకలో ఆ తల్లి మళ్ళీ కడుపుతో ఉంది.

ఇక్కడ బొల్లాపల్లిలో, వాగు పక్కనే ఉన్న హనుమాయమ్మ ఎకరన్నర మిరప పండి, కోసే కూలీలు రాక చెట్టుకే ఎండి రాలిపోతోంది. కూలీల మేస్త్రి మాణిక్యమ్మ ఫోన్‌లో ఒకటే మాట.

"కాయలు పోతే మళ్ళీ కాస్తయ్. నేను పోతే మళ్ళీ కాయను గదక్కా!"

అయిదో రోజు రవి బండేసుకుని హనుమాయమ్మ ఇంటికే వచ్చాడు.

"పిన్నీ, భయపడతన్నట్టు ఒక్క ఫొటో."

"పులీ లేదు, గిలీ లేదు. లేదని రాయరా అబ్బాయ్. పంటంతా పోతంది."

"లేదని రాస్తే ఎవడు చదువుతాడు?" రవి మేకను కట్టే ఖాళీ గుంజ వంక చూశాడు. "మేకేది? పులి తినిందని రాసుకోనా?"

"సంతలో అమ్మేశా." హనుమాయమ్మ కాసేపు ఆలోచించి గొంతు తగ్గించింది. "ఒరేయ్, తెల్లారగట్ట ఫారెస్టోళ్ళు బోనులో ఎక్కించుకుపోయార్రా, మొత్తాన్నీ. ఉపేంద్రకింకా తెలవదు."

రవి ఫారెస్టు ఆఫీసుకి ఫోన్ చెయ్యలేదు. చేస్తే ఉపేంద్రకి తెలిసిపోతుందని భయం.

"మూడు పులులూ బోనులో! పొలికేకకు మాత్రమే!"

ఆ మర్నాడు నగారా నాలుగింటిని పట్టించింది.

ఊరు ఊపిరి పీల్చుకుంది. కూలీలు ఆటోల్లో దిగారు. హనుమాయమ్మ గట్టు మీదే నిలబడి రోడ్డు పక్క సాళ్ళు చూపించింది.

"వాగు పక్కన చానా పండి రాలతన్నయ్. ఈడ కొయ్యమంటావేందక్కా?" అంది మాణిక్యమ్మ.

"ముందు ఈడ కానీండి. కబుర్లు చెప్పుకుంటా కొయ్యండి, గట్టిగా."

"పనిలో నోరిప్పితే తిట్టేదానివి, ఇయ్యాలేంది?" మాణిక్యమ్మ పకపకా నవ్వింది.

హనుమాయమ్మ నవ్వలేదు. ఉపేంద్ర ఆ కుక్క అడుగు ఫొటో తీయడానికి ముందు రోజే, తన మేకను నోట కరుచుకుని వాగు పక్క సాళ్ళలోకి పోయిన పులిని ఊరు మొత్తం మీద ఆమె ఒక్కతే చూసింది.