పొసగనిది

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. ముందుగదిలో కంప్యూటరు ముందు తల పట్టుకుని కూర్చున్న నాన్న, వంటింట్లో గిన్నెల మీద కోపం చూపిస్తున్న అమ్మ, మంచం మీద బోర్లా పడుకుని ఫోను చూసుకుంటున్న అక్క, టార్చిలైటు పళ్ళ మధ్య కరిచిపట్టుకుని బల్ల కిందికి దూరిన చిన్నమ్మాయి.

"మళ్ళీ పోయింది!" అన్నాడు నాన్న.

తెర మీద సగం దాకా పాకిన పచ్చగీత ఉన్నచోటే ఆగిపోయింది. నాన్నది వీడియోలు ఎడిట్ చేసే పని. ఎవరో కంపెనీవాళ్ళ వీడియో రేపటికల్లా ఇచ్చితీరాలి. అదంతా పక్కనున్న డిస్కుల పెట్టెలో ఉంది. అక్కణ్ణుంచి కంప్యూటరులోకి వేగంగా లాగుతుందని కొత్త నెట్‌వర్క్ కార్డు కొన్నాడు. కొనమన్నది చిన్నమ్మాయే. బడిలో కంప్యూటర్ల గదిలో అలాంటిది చూశానని, కళ్ళు మూసి తెరిచేలోగా పనైపోతుందని చెప్పింది. తనంతట తాను నోరు విప్పి ఒక సంగతి చెప్పడం ఆ పిల్ల విషయంలో పెద్ద విశేషం. నాన్న ఆ మాట పట్టించుకుని నిజంగానే కార్డు కొనడం ఇంకా పెద్ద విశేషం.

"పాతదే నయం. నత్తలా అయినా నడిచేది," అన్నాడు నాన్న.

"దాని మాట విని కొన్నారుగా, అనుభవించండి," అంది అమ్మ లోపల్నుంచి.

"అది మాట్లాడింది కూడానా? నేనెప్పుడూ వినలేదే!" అక్క పకపకా నవ్వింది.

చిన్నమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. "ఇంకొక్కసారి చూస్తానండీ," అంది బల్ల కిందినుంచే.

కార్డు పట్టుకుంటే చుర్రుమంది. కంప్యూటరు ఆర్పి, కార్డుని గౌను అంచుతో పట్టి లాగి, ఊది, ఇంకో గాడిలో పెట్టి నొక్కి, మళ్ళీ వేసి కార్డు మీది లైటు వైపు చూసింది. లైటు వెలిగింది. పచ్చగీత కదిలింది. అందరూ అటే చూస్తుండగా లైటు ఆరిపోయింది.

"చాల్లే, ఇక దాన్ని కెలక్కు," అని నాన్న ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. తలుపు సరిగ్గా పడలేదు. మాటలు లోపలికి వినబడుతూనే ఉన్నాయి.

"అవునండీ, దాని గురించే... లేదండీ, ఎంత చూసినా కుదరడం లేదు. మా ఇంట్లో ముందునుంచీ ఉన్నదానికీ దీనికీ అస్సలు పడటం లేదు... ఎక్కడైనా ఇట్టే కలిసిపోతుందని మీరేగా చెప్పారు? కాసేపు బాగానే ఉంటుంది. ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది, ఇక పిలిచినా పలకదు... ఏంటీ, అలా చేస్తుందని మీకు ముందే తెలుసా? మరి ఒక్క ముక్క చెప్పొద్దుటండీ!... సర్దుకుంటుందేమోనని మేమూ ఆగాం. ఇక మావల్ల కాదు. ఇప్పుడే ఎవరినైనా పంపించండి. వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగిస్తాం."

చిన్నమ్మాయి బల్ల కిందినుంచి బయటికి వచ్చింది. కార్డు వెనక్కి పోతుంది. దాంతోపాటు తన మాటా పోతుంది. ఇక ఈ ఇంట్లో తనని ఏదీ ఎవరూ అడగరు.

"అక్కా, ఒకసారి నీ ఫోను ఇస్తావా?" అని అడిగింది. ఛీ కొడుతుందనే అనుకుంది.

అక్క ఆమె వైపు ఒక్క క్షణం చూసి, "సర్లే, తీసుకో," అని ఫోను చేతిలో పెట్టింది. జాలిపడుతోంది కాబోలు అనుకుంది చిన్నమ్మాయి. ఆ జాలే ఎక్కువ గుచ్చుకుంది.

కార్డు చేసినవాళ్ళ వెబ్‌సైటులో 'తెలిసిన సమస్యలు' అని ఒక పేజీ ఉంది. వేలితో ఒక్కో వాక్యమూ పైకి జరుపుతూ చదివింది. కొన్ని పాత కంప్యూటర్ల మదర్‌బోర్డుల్లో ఈ కార్డు మధ్యలో నిద్రలోకి జారుకుంటుందట. కరెంటు పొదుపు చేసే సెట్టింగు ఆపేస్తే మేలుకునే ఉంటుందట. కార్డులో లోపమేమీ లేదట.

లోపమేమీ లేదు. ఆ మాట దగ్గర ఆమె కళ్ళు మసకబారాయి. గబగబా తుడుచుకుంది.

లోపల అమ్మ అలమార తలుపులు తీస్తూ వేస్తూ ఏదో సర్దుతోంది. నాన్న బాల్కనీలోంచి ఇంకా రాలేదు. చిన్నమ్మాయి భయంభయంగా నాన్న కుర్చీ అంచున కూర్చుని ఆ సెట్టింగు వెతికి ఆపేసింది. కంప్యూటరు ఆర్పి, మళ్ళీ వేసింది. లైటు వెలిగింది. పచ్చగీత మొదలైంది. సగానికి వచ్చింది. గీత సగం దాటింది, ఆగలేదు, చివరిదాకా పోయింది. నమ్మకం చాలక మరోసారి లాగింది. మళ్ళీ చివరిదాకా పోయింది.

అప్పుడే గుమ్మంలో బెల్లు మోగింది. నాన్న బాల్కనీలోంచి వచ్చి తలుపు తీశాడు.

కార్డు పట్టుకుపోవడానికి వచ్చేశారు! మోకాళ్ళకి అంటిన దుమ్ము దులుపుకోకుండానే ఆమె పరిగెత్తింది.

"నాన్నా!" అని అరిచింది. ఆ గొంతు అంత పెద్దదని ఆమెకే తెలియదు. "కలిసింది నాన్నా! నిద్రపోకుండా చేశాను! ఇక వెనక్కి పంపక్కర్లేదు!"

నాన్న ఆమె మీదుగా తెర వైపు చూశాడు.

"పనిచేస్తోందా? హమ్మయ్య. అయితే కార్డు ఉంచుకుందాంలే," అన్నాడు.

అమ్మ తల ఎత్తకుండా ఒక బట్టల సంచి తెచ్చి ఆమె చేతికి తగిలించింది. గుమ్మం బయట నిలబడ్డ అనాథ శరణాలయం ఆవిడ ఆమె భుజం మీద చెయ్యి వేసి మెట్టు దింపింది.

"ఫర్లేదులే తల్లీ, ఇంకో ఇల్లు చూద్దాం," అంటుండగానే నాన్న తలుపు వేసేశాడు.